ఇంట్లోనే లోయరింగ్ స్ప్రింగులు వేసుకోవాలంటే

లోయరింగ్ స్ప్రింగులంటే కారు ఎత్తు తగ్గించే పొట్టి స్ప్రింగులు. వాటితో కారు 30 మిల్లీమీటర్లు దిగితే పైకి కనబడేది చక్రానికీ ఫెండరుకీ మధ్య సందు తగ్గడం ఒక్కటే. కింద మాత్రం బుష్‌లు, బంప్ స్టాప్‌లు (సస్పెన్షన్ మరీ నొక్కుకోకుండా ఆపే దిమ్మలు), క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం వాలిన కోణం), టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగిన కోణం), హెడ్‌లైట్ల చూపు అన్నీ తమ చోటు మారతాయి. కొత్త స్ప్రింగులు పెట్టేసి, చక్రాలు బిగించేసి పని అయిపోయిందనుకుంటే నెల తిరక్కముందే కిర్రుకిర్రు శబ్దాలూ, లోపలివైపు అరిగిపోయిన టైర్లూ, గతుకు తగిలితే దబ్‌మని కొట్టుకునే బండీ మిగులుతాయి. స్ప్రింగు తీసి పెట్టడం ఈ పనిలో సగమే.

ఇక్కడ చెప్పేది ముందు మాక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జర్ కలిసి ఒకే కడ్డీగా ఉండే అమరిక), వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ప్రతి చక్రం విడిగా కదిలేది) ఉన్న కార్లను దృష్టిలో పెట్టుకుని. వెనక అమరికలో రెండు రకాలున్నాయి. టయోటా జీఆర్86, సుబారు బీఆర్‌జడ్‌లలో వెనక స్ప్రింగు కూడా షాకబ్జర్ మీదే ఉంటుంది. 2015 తర్వాతి ఫోర్డ్ మస్టాంగ్‌లో వెనక స్ప్రింగు విడిగా కింది ఆర్మ్ (చక్రాన్ని కారుకి కలిపే చేయి) మీద కూర్చుంటుంది. మాజ్డా ఎమ్‌ఎక్స్-5కి ముందు స్ట్రట్ ఉండదు, డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పైనా కిందా రెండు ఆర్మ్‌లు పట్టుకునే అమరిక) ఉంటుంది కాబట్టి విప్పే వరస వేరు, స్ప్రింగు నొక్కే జాగ్రత్తలు మాత్రం అవే. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కారుకి ఇదేదీ పనికిరాదు.

ఎంత దించాలి

రోడ్డు మీద తిరిగే కారుకి 20 నుంచి 30 మి.మీ. చాలు. దానికి కారణం స్ట్రట్ అమరికలోనే ఉంది. కారును దించుతున్నకొద్దీ కింది ఆర్మ్ బయటి కొన పైకి లేస్తుంది. ఆర్మ్, స్ట్రట్ ఒకదానికొకటి లంబంగా వచ్చే చోటు దాటాక, చక్రం పైకి వెళ్లేకొద్దీ నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలడం) పెరగాల్సింది పోయి తగ్గడం మొదలవుతుంది. మలుపులో టైరుకి అది అవసరమైన సమయంలోనే కరువవుతుంది. పైగా రోల్ సెంటర్ (ఒరిగేటప్పుడు బాడీ ఏ బిందువు చుట్టూ తిరుగుతుందో అది) కారు గురుత్వ కేంద్రం కంటే వేగంగా దిగిపోతుంది. ఆ రెండింటి మధ్య దూరమే కారును పక్కకి ఒరగదోసే మీట. అందుకే 50 మి.మీ. దించిన స్ట్రట్ కారు, చూడ్డానికి నేలకి అతుక్కుని ఉన్నా, స్ప్రింగు చాలినంత గట్టిగా లేకపోతే మలుపులో ముందుకంటే ఎక్కువే ఒరుగుతుంది.

పొట్టి స్ప్రింగుకి నొక్కుకోవడానికి దూరం తక్కువ కాబట్టి గట్టిదనం పెంచి తయారుచేస్తారు. గట్టిదనం 20 శాతం పెరిగితే షాకబ్జర్ నుంచి కావాల్సిన నిగ్రహం (ఊపును అణిచే బలం) సుమారు 10 శాతం పెరుగుతుంది, ఎందుకంటే అది గట్టిదనం వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. మంచి స్థితిలో ఉన్న కంపెనీ షాకబ్జర్ ఆ మాత్రం మోయగలదు. నూనె కారుతున్నదీ, వేలితో తుడిస్తే రాడ్డు మీద గీతలు తగిలేదీ మోయలేదు. అలాంటివాటి మీద కొత్త స్ప్రింగులు వేయకండి, రెండూ కలిపి మార్చండి. విప్పే కష్టం ఎలాగూ ఒకటే.

స్ప్రింగుల్ని నాలుగూ సెట్టుగానే మార్చాలి. రెండు ముందువి మాత్రమే వేసి వెనకవి తర్వాత చూద్దామనుకుంటే బండి ముక్కు కిందికి వంగిపోతుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

స్ప్రింగులతో పాటు టాప్ మౌంట్ (స్ట్రట్ పైకొనను బాడీకి పట్టించే రబ్బరు దిమ్మ) నట్లు కొత్తవి నాలుగు, స్ట్రట్‌ని నకిల్‌కి (చక్రం హబ్‌ని మోసే ఇనుప ముక్కకి) పట్టించే బోల్టులు, దుమ్ము తొడుగులు తెప్పించుకోండి. మాన్యువల్‌లో టార్క్ తర్వాత ఇన్ని డిగ్రీలు తిప్పమని రాసి ఉన్న బోల్టు ఏదైనా సరే ఒకసారి సాగిపోయినట్టే లెక్క, మళ్లీ వాడకూడదు. కారు 80 వేల కిలోమీటర్లు దాటి ఉంటే ముందు టాప్ మౌంట్లూ వాటి బేరింగులూ, లింకు రాడ్లూ (యాంటీ రోల్ బార్‌కి, అంటే కారు ఒరుగుడు తగ్గించే అడ్డ కడ్డీకి తగిలించేవి) కూడా మార్చేయడం మేలు. రబ్బరు గుండ్రంగా పగిలిన టాప్ మౌంట్‌ని తిరిగి బిగిస్తే ఆ చప్పుడు పోగొట్టడానికి మళ్లీ మొత్తం విప్పాలి.

పనిముట్లలో ట్రాలీ జాకీ, కారు బరువుకి తగిన నాలుగు స్టాండ్లు, చక్రాలకి అడ్డు చెక్కలు, పొడుగు పిడి రెంచి, 10 నుంచి 22 మి.మీ. వరకు సాకెట్లు, ఎలెన్ కీలు, 20 నుంచి 200 న్యూటన్ మీటర్ల దాకా చూపే టార్క్ రెంచి, వైర్ బ్రష్, పెయింట్ మార్కర్, కట్టడానికి గట్టి తీగ, కళ్లద్దాలు ఉండాలి. నడుమ రంధ్రం ఉన్న సాకెట్ ఒకటి ఉంటే టాప్ నట్టు దగ్గర పని చాలా సులువవుతుంది.

స్ప్రింగ్ కంప్రెసర్ విషయంలో పొదుపు చేయకండి. కొక్కేల మీదుగా అడ్డంగా దిగే సేఫ్టీ పిన్నులు ఉన్న రకమే తీసుకోండి. మరలు శుభ్రంగా తుడిచి గ్రీజు రాయండి. కొక్కెం వంగి ఉన్నా, మర పళ్లు పీకినట్టున్నా దాన్ని వాడకండి.

తుప్పు పట్టిన బోల్టులన్నిటికీ ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. మొదటిసారి చేసేవాళ్లకి నాలుగు మూలలూ పూర్తవడానికి ఒక రోజంతా పడుతుంది. అందులో ఎక్కువ భాగం ముందు రెండింటికే పోతుంది.

విప్పేముందు కొలతలు

చదునైన నేల మీద, టైర్లలో సరైన గాలితో కారును నిలబెట్టి, ప్రతి మూలలో చక్రం నడిబొడ్డు నుంచి ఫెండర్ అంచు వరకు నిటారుగా కొలిచి రాసుకోండి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి, అరుగుదల కలిసిపోతాయి, నడిబొడ్డు నుంచి కొలిస్తే సస్పెన్షన్ ఎత్తు మాత్రమే వస్తుంది. ఈ నాలుగు అంకెలూ చివర్లో బుష్‌లు బిగించేటప్పుడు కావాలి. ఎడమ కుడి మధ్య 5 మి.మీ. తేడా ముందే ఉందో లేదో కూడా ఇప్పుడే తెలుస్తుంది. తర్వాత కనిపిస్తే కొత్త స్ప్రింగుల మీద అనుమానం పడతారు.

ముందు స్ట్రట్ దించడం

బండి నేల మీద ఉండగానే వీల్ నట్లు అర చుట్టు వదులు చేయండి. తర్వాత ముందువైపు రెండు మూలలూ ఒకేసారి లేపి, కంపెనీ చూపించిన జాకింగ్ పాయింట్ల కింద స్టాండ్లు పెట్టండి. ఒక్కవైపే లేపితే యాంటీ రోల్ బార్ మెలిపడి ఉంటుంది, లింకు రాడ్ నట్టు తీయగానే ఎగిరి చేతికి తగులుతుంది. స్టాండ్ల మీద కూర్చున్నాక కారును ఒకసారి గట్టిగా ఊపి చూడండి. తీసిన చక్రాల్ని కారు అంచు కిందికి పడుకోబెట్టి తోయండి. స్టాండు జారినా బండి వాటి మీద ఆగుతుంది.

బ్రేకు గొట్టం, ఏబీఎస్ తీగ స్ట్రట్‌కి పట్టి ఉన్న క్లిప్పులు తీయండి. ఎలక్ట్రానిక్ షాకబ్జర్లయితే వాటి ప్లగ్గు విడదీయండి. హెడ్‌లైటు లెవెల్ సెన్సర్ కడ్డీ ఆర్మ్‌కి తగిలించి ఉంటే అది ప్లాస్టిక్, ఆర్మ్ కిందికి వేలాడగానే విరుగుతుంది, దాన్ని ముందే తప్పించండి. లింకు రాడ్ నట్టు తిప్పేటప్పుడు వెనక గుండు కూడా తిరుగుతుంటే దాని చివర ఉన్న ఎలెన్ రంధ్రంలో కీ పెట్టి ఆపండి. ఆ రంధ్రంలో చేరిన మట్టిని ముందు సూదితో గీకి తీస్తే కీ లోతుగా దిగుతుంది. పైపైన పెట్టి బలం ప్రయోగిస్తే మూలలు నలిగిపోతాయి, ఇక రంపంతో కోయడమే దారి.

నకిల్‌కి ఉన్న రెండు పెద్ద బోల్టుల తలల చుట్టూ, స్ట్రట్ అంచు నకిల్‌ని తాకే చోటా పెయింట్ మార్కర్‌తో గీత గీయండి. వాటిలో పైబోల్టు క్యాంబర్ సర్దేది కావచ్చు. నకిల్‌ని పై నుంచి తీగతో కట్టాకే బోల్టులు లాగండి. కట్టకపోతే అది బయటికి పడిపోయి బ్రేకు గొట్టాన్ని లాగుతుంది, ముందు చక్రాల డ్రైవ్ ఉన్న కార్లలో డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింటు ఊడుతుంది. బానెట్ కింద స్ట్రట్ టవర్ మీద చుట్టూ ఉన్న చిన్న నట్లు తీస్తే స్ట్రట్ చేతిలోకి వస్తుంది. చివరి నట్టు తీసేటప్పుడు కింద ఒకరు పట్టుకోవాలి.

ఆ చిన్న నట్ల నడుమ ఒక పెద్ద నట్టు ఉంటుంది. స్ప్రింగు మొత్తం బలాన్ని ఆపుతున్నది అదొక్కటే. స్ప్రింగు నొక్కకుండా దాని జోలికి వెళ్లకండి.

స్ప్రింగు నొక్కడం

ఈ బలం ఎంతో ఒక్కసారి లెక్క వేసుకుంటే చేతులు వాటంతటవే నెమ్మదిస్తాయి. మిల్లీమీటరుకి 25 న్యూటన్ల గట్టిదనం ఉన్న స్ప్రింగు తన సహజ పొడవు కంటే 100 మి.మీ. నొక్కుకుని ఉంటే అందులో 2,500 న్యూటన్లు, అంటే సుమారు 250 కిలోల బరువంత బలం దాగి ఉంటుంది. కంప్రెసర్ బిగించేకొద్దీ అది ఇంకా పెరుగుతుంది.

రెండు కంప్రెసర్లనూ ఒకదానికొకటి సరిగ్గా ఎదురుగా పెట్టి, వీలైనన్ని ఎక్కువ చుట్టలు పట్టేలా తగిలించండి. సేఫ్టీ పిన్నులు దిగాయో లేదో చూసుకోండి. ఒకదాన్ని రెండు చుట్లు, తర్వాత రెండోదాన్ని రెండు చుట్లు, ఇలా మార్చి మార్చి చేతి రాచెట్‌తోనే బిగించండి. ఇంపాక్ట్ గన్ వాడితే మర వేడెక్కి పట్టేస్తుంది, ఒకవైపు ముందు బిగుసుకుని స్ప్రింగు అరటికాయలా వంగుతుంది, వంగిన స్ప్రింగు నుంచి కొక్కెం జారుతుంది. వంకర కనిపించిన క్షణమే ఆగి, వెనక్కి వదిలి, కొక్కేలు సరిచేసుకోండి. స్ట్రట్ కొనలు రెండూ మనుషులు లేని వైపు ఉండాలి. మీ మొహం దాని వరసలోకి రాకూడదు.

ఎంతవరకు నొక్కాలంటే, స్ప్రింగు తన సీటు మీద చేత్తో అటూ ఇటూ తిరిగేంతవరకే. అది తిరిగితే టాప్ మౌంట్ మీద బలం లేనట్టు. ఇప్పుడు షాకబ్జర్ రాడ్డు కొనలో ఎలెన్ కీ పెట్టి ఆపుతూ పెద్ద నట్టు తీయండి. నునుపైన రాడ్డును పటకారుతో పట్టుకోవద్దు. సన్నని గీత చాలు, అది సీలును ప్రతి కదలికలోనూ కోస్తుంది, కొన్ని వారాల్లో నూనె బయటికొస్తుంది.

నట్టు, టాప్ మౌంట్, బేరింగు, పై సీటు, రబ్బరు, స్ప్రింగు, తొడుగు, బంప్ స్టాప్, తీసినవి తీసిన వరసలోనే గుడ్డ మీద పేర్చండి. ఏది ఏ వైపు చూస్తుందో ఫొటో తీసుకోండి. బేరింగు తలకిందులైతే ప్లాస్టిక్ పళ్లు నలిగిపోతాయి.

బంప్ స్టాప్, కూర్పు

బంప్ స్టాప్ కూడా ఒక స్ప్రింగే. కారు 30 మి.మీ. దిగిందంటే దానికీ షాకబ్జర్ ఒంటికీ మధ్య ఖాళీ అంత తగ్గింది. మునుపు పెద్ద గుంటల్లోనే తాకేది ఇప్పుడు చిన్న గతుక్కే తాకుతుంది, బండి గట్టిగా కొడుతుందని చాలామంది స్ప్రింగును తిట్టుకునేది ఇందుకే. స్ప్రింగు తయారీదారు కాగితంలో ఎంత కోయాలో రాసి ఉంటే అంతే, పదునైన కత్తిని సబ్బు నీళ్లలో ముంచి కోయండి. సాధారణంగా సన్నగా మొదలయ్యే కొనను అలాగే ఉంచి, వెడల్పు వైపు నుంచి తీస్తారు. సన్న కొన మెత్తగా తాకి నెమ్మదిగా గట్టిపడుతుంది. కోయమని చెప్పకపోతే కోయకండి. ఎక్కువ తీస్తే టైరు వెళ్లి ఫెండర్ లోపల తగులుతుంది, లేదా షాకబ్జర్ లోపల పిస్టన్ అడుగుకి కొట్టుకుంటుంది.

కొత్త స్ప్రింగు మీద ముద్రించిన అక్షరాలు నిటారుగా చదవగలిగేలా పెట్టాలి. చుట్టలు ఒకవైపు దగ్గరగా, ఒకవైపు ఎడంగా ఉండే రకంలో ఏ వైపు పైకి రావాలో చెప్పేది ఆ అక్షరాలే. ముందూ వెనకా, ఎడమా కుడీ నెంబర్లు వేరుగా ఉండొచ్చు, కాగితంతో సరిచూసుకోండి. చుట్ట తెగిన కొన కింది సీటులోని గుంటలో సరిగ్గా ఆనాలి. వేలు పెట్టి చూస్తే సందు ఉండకూడదు. అక్కడ తప్పితే మొదటి మైలులోనే స్ప్రింగు జరిగి టక్కున కూర్చుంటుంది, ఆ మూల ఎత్తు తేడా వస్తుంది.

కొత్త నట్టు వేసి, రాడ్డును ఎలెన్ కీతో ఆపుతూ మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి బిగించండి. ఇక్కడా ఇంపాక్ట్ గన్ వద్దు, రాడ్డు గిర్రున తిరిగి లోపలి సీలు పాడవుతుంది. కంప్రెసర్లను కూడా మార్చి మార్చి వదలండి. పూర్తిగా వదిలాక స్ప్రింగు ఇంకా తన సీట్ల మధ్య బిగువుగా నిలవాలి. చేత్తో ఊగితే ఆ స్ప్రింగు ఈ షాకబ్జర్‌కి మరీ పొట్టిది. చక్రం గాల్లోకి లేచిన ప్రతిసారీ అది సీటు వదిలేస్తుంది, అలా వాడటం ప్రమాదం.

స్ట్రట్‌ని తిరిగి ఎక్కించి, పెయింట్ గీతలు కలిపి, నకిల్ బోల్టులు బిగించండి. ఏబీఎస్ తీగ, బ్రేకు గొట్టం పాత దారిలోనే పోవాలి. స్టీరింగ్ రెండు చివరలకీ తిప్పి గొట్టం ఎక్కడా లాగుకోవట్లేదని చూడండి.

వెనక

షాకబ్జర్ మీద స్ప్రింగు ఉన్న రకమైతే పని ముందులాంటిదే, నకిల్ బాధ ఉండదు. స్ప్రింగు విడిగా ఉన్న రకంలో కింది ఆర్మ్ కింద జాకీ పెట్టి, షాకబ్జర్ కింది బోల్టు, లింకు రాడ్ తీసి, టో, క్యాంబర్ సర్దే బోల్టుల మీద గీతలు గీసి, ఆర్మ్ బయటి బోల్టు లాగి జాకీని అంగుళం అంగుళంగా దించండి. స్ప్రింగు లోపలినుంచి ఒక గొలుసో పట్టీయో దూర్చి బాడీకి కట్టి ఉంచితే అది ఎగిరినా దూరం పోదు. పైన ఉన్న రబ్బరు గిన్నె పాత స్ప్రింగుకి అతుక్కుని వచ్చేస్తుంది, దాన్ని మరిచి కొత్తది పెడితే ఇనుము మీద ఇనుము రాసుకుంటుంది.

బుష్‌ల బిగింపు

ఎక్కువమంది వదిలేసేది ఇదే. సస్పెన్షన్ బుష్ అంటే బయట ఒక గొట్టం, లోపల ఒక గొట్టం, మధ్యలో రెండింటికీ అతికిన రబ్బరు. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం అంచుల మీది పళ్లు సబ్‌ఫ్రేమ్ (ఆర్మ్‌లు తగిలించే చట్రం) ఇనుములోకి కరుచుకుని కదలకుండా నిలబడతాయి. ఆ తర్వాత ఆర్మ్ కదిలితే ఏదీ జారదు, రబ్బరే మెలిపడుతుంది.

ఆర్మ్ పొడవు 350 మి.మీ. అనుకుందాం. వేలాడే స్థితికీ, బండి నేల మీద నిలిచే స్థితికీ తేడా 90 మి.మీ. ఉంటే ఆర్మ్ సుమారు 15 డిగ్రీలు తిరుగుతుంది. కారు స్టాండ్ల మీద ఉండగానే బోల్టు పూర్తిగా బిగిస్తే, అది నేల మీద నిలిచినంతకాలం రబ్బరు ఆ 15 డిగ్రీల మెలికలోనే ఉంటుంది. కొన్నాళ్లకి చీలుతుంది. అప్పటిదాకా అదనపు స్ప్రింగులా పనిచేసి కారును కొన్ని మిల్లీమీటర్లు పైకి ఎత్తి పెడుతుంది. మీరు ముట్టుకోని బోల్టులకీ ఈ గొడవ ఉంది. 30 మి.మీ. దిగిన కారులో పాత బిగింపు అలాగే ఉంచితే 5 డిగ్రీల మెలిక శాశ్వతంగా ఉండిపోతుంది. కాబట్టి ఆర్మ్‌ల లోపలి బోల్టులన్నీ ఇప్పుడే వదులు చేసి, చేతి బిగువుతో ఉంచండి. గుండు జాయింట్లకి ఈ అవసరం లేదు, అవి ఎటైనా తిరుగుతాయి.

చక్రాలు వేసి, వాటి కింద గట్టి వెడల్పు చెక్కలో ర్యాంపులో పెట్టి, నాలుగు చక్రాలూ సమానమైన ఎత్తులో ఉండేలా కారును వాటి మీదికి దించండి. ఒక అడుగు ముందుకీ వెనక్కీ నెట్టి, ప్రతి మూలనూ నాలుగైదుసార్లు నొక్కి వదలండి. ఇలా చేయకపోతే దించినప్పుడు టైర్లు పక్కకి జరగలేక కారు ఎత్తుగానే నిలబడిపోతుంది. ఇప్పుడు నడిబొడ్డు నుంచి ఫెండర్ వరకు కొలవండి. ముందు 380 ఉన్నది, 30 మి.మీ. స్ప్రింగుతో 350 దరిదాపుల్లో రావాలి. వచ్చాక చక్రాలకి అడ్డు పెట్టి, కిందికి వెళ్లి బోల్టులన్నీ మాన్యువల్ టార్క్‌కి బిగించండి. చెక్కలు లేకుండా హబ్ కింద జాకీ పెట్టి లేపి బిగించే పద్ధతి కూడా ఉంది, కానీ సరైన ఎత్తుకి వచ్చేసరికి జాకీ ఆ మూల బరువంతా మోస్తూ ఉంటుంది, బాడీ స్టాండు మీంచి లేవబోతుంది. చెక్కల పద్ధతే నిలకడైనది.

దించేటప్పుడు ఒక చిన్న ప్రమాదం. కారు ఇప్పుడు పొట్టిది, జాకీ మాత్రం పాతదే. నేల మీదికి దిగాక బంపర్ జాకీ మీద కూర్చుని, అది బయటికి రాకుండా ఇరుక్కుంటుంది. చక్రాల కింద చెక్కలుంటే ఈ చిక్కు ఉండదు.

నడిపాక

మొదటి కొన్ని కిలోమీటర్లు ఖాళీ చోట నెమ్మదిగా నడపండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి వెనక్కీ ముందుకీ పోనిచ్చి, దిగి ఫెండర్ లైనింగులో రాపిడి గుర్తులు వెతకండి. 50 నుంచి 100 కిలోమీటర్ల తర్వాత వీల్ నట్ల టార్క్ మళ్లీ చూడండి.

అలైన్‌మెంట్ తప్పనిసరి. టైర్లను తినేది క్యాంబర్ కంటే టో ఎక్కువ. కొత్త స్ప్రింగులు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో ఇంకొన్ని మిల్లీమీటర్లు కూర్చుంటాయి కాబట్టి ఆ తర్వాత చేయిస్తే అంకెలు నిలుస్తాయి. స్టీరింగ్ చక్రం ఒకవైపుకి తిరిగి ఉంటే, బండి లాగుతుంటే మాత్రం ఆగకుండా వెంటనే ఒకసారి, కూర్చున్నాక మరోసారి చేయించండి.

హెడ్‌లైట్లను గోడ మీద సరిచూడండి. ముందు కంటే వెనక 10 మి.మీ. ఎక్కువ దిగితే, 2,600 మి.మీ. వీల్‌బేస్ ఉన్న కారులో 10 మీటర్ల దూరంలో వెలుగు సుమారు 38 మి.మీ. పైకి లేస్తుంది, ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడుతుంది. లెవెల్ సెన్సర్ ఉన్న కార్లకి కొత్త ఎత్తును స్కానర్‌తో నేర్పించాలి.

చప్పుళ్లను వాటి సమయాన్ని బట్టి పోల్చుకోవచ్చు. బండి ఆగి ఉండగా స్టీరింగ్ తిప్పినప్పుడు స్ప్రింగు మెలిపడి వదిలినట్టు టంగుమంటే టాప్ బేరింగు తిరగట్లేదు, లేదా స్ప్రింగు కొన గుంటలో ఆనలేదు. ఎత్తు మీదికి ఎక్కేటప్పుడు ఒకే ఒక్క టక్కు వినిపిస్తే టాప్ నట్టో లింకు రాడ్డో వదులుగా ఉంది. నెమ్మదిగా గతుకుల్లో కిర్రుమంటే బుష్‌లు తప్పు ఎత్తులో బిగిశాయి, బోల్టులు వదిలి బండిని నేల మీద పెట్టి మళ్లీ బిగిస్తే సాధారణంగా పోతుంది. బ్రేకు వేసినప్పుడు టక్కుమంటే కారును ఆ రోజు ఇక నడపకుండా ఆపి, నకిల్ బోల్టుల దగ్గర పెయింట్ గీతలు కదిలాయేమో చూడండి.